కొబ్బరినీళ్లు తాగిన సైలెన్సర్

తొండుపల్లిలో మా అన్న ఇంటి మీదుగా విమానాలు ఎంత కిందికి దిగుతాయంటే, మాటను మధ్యలో ఆపి, అవి పోయాక మళ్లీ అందుకోవడం మాకు అలవాటు. ఆ మోత పక్కింటాయన బర్రెను ఏమీ చేయలేదు. అన్న కూతురు గురి సాధన చేసే ఎయిర్ రైఫిల్ చప్పుడుకు మాత్రం అది పాలు చేపడం మానేసిందని ఆయన ఒకటికి రెండుసార్లు గొడవకు వచ్చాడు. రుజువేదని నేనడిగాను. బర్రెనే అడగమన్నాడు. మళ్లీ వస్తే రైఫిల్ అమ్మేస్తానని అన్న తేల్చేశాడు.

అందుకని వెనక గది కిటికీలు మూసి, గోడలకు పాత బొంతలు కట్టి, గొట్టం చివర సైలెన్సర్ బిగించాం. ఆ ఉక్కలో పిల్ల గురిపెట్టడం నేర్చుకుంది. సైలెన్సర్‌ను శుభ్రం చేయడం నేను నేర్చుకున్నాను. మర విప్పి, లోపలి ఉన్ని రింగులనూ స్ప్రింగునూ వరుస తప్పకుండా పాత పంచె మీద పేర్చాలి. సీసపు పొడిని పొడిగుడ్డతో తుడవాలి. స్ప్రింగుకు నూనె చేయి తగిలితే చాలు. ఉన్నికి మాత్రం తడి తగలకూడదు. ఉబ్బి దారికి అడ్డం వస్తే గుండు రాసుకుని గురి చెడుతుంది, చప్పుడూ అణగదు.

ఆయుధపూజ నాడు వదిన రైఫిల్‌ను పీట మీద పెట్టింది. అక్కడ నాకు నోరు లేదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, పనిముట్లకు మొక్కడమేమిటని రోజుల తరబడి వాదించి ఒక ఒప్పందం గెలిచాను: వాళ్లు నన్ను పూజకు పిలవరు, నేను పూజలో వేలు పెట్టను. ఇన్నేళ్లూ దాన్ని నా విజయంగానే చెప్పుకున్నాను.

వదిన కొబ్బరికాయ కొట్టి, నీళ్లను తిన్నగా సైలెన్సర్ రంధ్రంలో పోసింది. ఆమె లెక్కలో అది దాని నోరు. అన్న దండం పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

వెంటనే విప్పుతానని పిల్ల చేయి చాపింది. వదిన ఆ చేయి పట్టుకుంది. పీట మీది పనిముట్టును దసరా పొద్దుటిదాకా ముట్టరాదు.

"బండి సైలెన్సర్‌కు బొట్టు పెడ్తలేమా? దానికేమైంది, దీనికేమైతది?"

"లోపల ఉబ్బుతదమ్మా, జంగు పడ్తది. ఇగ చప్పుడైతే బాపు అమ్మేస్తడు." పిల్ల నా వైపు తిరిగింది. "చిన్నాయినా, నువ్వన్న చెప్పు."

విమానం ఒకటి వచ్చింది. అది పోయేదాకానే నాకు గడువు. నోరు తెరిస్తే నా ఒప్పందాన్ని నేనే చింపుకున్నట్టు. మూసుకుంటే పిల్ల రైఫిల్ పోయినట్టు. తుప్పు గురించి చెబితే వదిన వినదు. ఆచారాన్ని ఆచారంతోనే కొట్టాలని హేతువాద సంఘంలో మాకు వాదం నేర్పిన పెద్దలు అనేవారు. పీట కదిపి ఉద్వాసన చెబితే పూజ ముగిసినట్టే కదా, రేపటిదాకా ఎందుకు అని అడిగాను.

వదిన ఒప్పుకుంది. "గట్లనే అయితది. కని ఆడోళ్లు కదపొద్దు. ఇంట్ల మొగోడు కదపాలె."

అన్న వచ్చేసరికి చీకటి పడుతుందన్నాను.

"నువ్వున్నవ్ కద."

ఆడవాళ్లు ఎందుకు కదపకూడదన్న ప్రశ్న నా నాలుక చివర ఉంది. దాన్ని మింగాను. చేతులు కడుక్కు రమ్మంటే కడుక్కున్నాను. పసుపు గిన్నెలో ముంచిన వేళ్లతో పీటను ఉత్తరానికి జరిపి, ఆమె అనమన్న మాట అన్నాను. పిల్ల అప్పటికే మర విప్పుతోంది. ఉన్ని రింగుల్లోంచి కొబ్బరినీళ్లు పంచె మీదికి కారాయి. జిగట పోయేలా రింగులు కడిగి, పిండి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే అన్నీ బిగించాం. దసరా నాడు పిల్ల కాల్చింది. పక్కింటాయన రాలేదు.

తర్వాతి ఏడాది ఆయుధపూజకు అన్న ఇంట్లోనే ఉన్నాడు. అయినా వదిన నా గది దాకా వచ్చి నన్నే పిలిచింది. కొబ్బరినీళ్లు చెంబులోకి వంపింది, ఒక్క చుక్క రైఫిల్ మీద పడనీయలేదు. పీట పక్కన నా కోసం పసుపు గిన్నె కలిపి పెట్టి ఉంది.

"రా, నీ పని నువ్వు చెయ్యి" అంది.

పాత పంచె పట్టుకుని పిల్ల నా వెనకే నిలబడింది.