అత్త పేరు పెట్టుకున్న బిడ్డ

1974లో నంద్యాలలో రామలక్ష్మమ్మ తండ్రి పోయాడు. ఆళ్లగడ్డలో ఆమె అత్తగారింటికి కబురు ఆ పొద్దే వచ్చింది. కానీ చేలో శనక్కాయ పీకుతున్నారు, కూలీలకు కోడలు వండిపెట్టాలి. అందుకని అత్త మాలోలమ్మ ఆ కబురు మర్నాటి సాయంత్రం దాకా కడుపులోనే దాచుకుంది. రామలక్ష్మమ్మ బస్సు దిగి పోయేసరికి పుట్టింటి వాకిలి కడిగేసి ఉంది. కన్నతండ్రి కడసారి చూపు దక్కనివ్వని ముసల్దాన్ని ఊరికే వదలనని అక్కడే ఒట్టేసుకుంది.

ఒట్టయితే వేసుకుంది గానీ, అత్తను తిట్టి ఆ ఇంట్లో బతికి బట్టకట్టే కోడలెవరు? అత్త పేరెత్తడమే తప్పాయె. రెండేళ్లకు ఆడపిల్ల పుడితే, అత్త పేరే పెడతానని పట్టుబట్టింది. ఎంత మంచి కోడలో అని ఊరంతా మెచ్చుకుంది. పేరు పెట్టించడానికి అహోబిలం నుంచి వచ్చిన శేషాద్రి స్వామి, ఆడపిల్లకు ఈ పేరు చాలా అరుదన్నాడు. మా అంటే లక్ష్మి, ఆమె మీద మక్కువతో ఉగ్రం విడిచిన నరసింహుడే మాలోలుడని అర్థం చెప్పాడు. ఆ స్వామికి మొక్కుకుంటేనే తాను పుట్టానని అత్త మురిసిపోయి, మెడలోని గుండ్లదండ తీసి మనవరాలికి వేసింది. పిచ్చి ముసల్ది. అత్త పేరు పెట్టి కూతుర్ని కుంపట్లో వేసిన సామెత ఆమెకు గుర్తు రాలేదు.

బిడ్డ నడక నేర్చిన నాటి నుంచి మొదలైంది. అత్త అరుగు మీద కూర్చుంటే చాలు, కోడలు వంటింట్లోంచి తిట్లు ఎత్తుకునేది.

"ఒసే మాలోలా, తిండికి ముందు, పనికి వెనక. నీ కడుపు కాల."

చెంబు దొర్లినా మాలోలే, పిల్లి పాలు తాగినా మాలోలే. తల్లి తన బిడ్డను తిట్టుకుంటుంటే ముసలామె ఏమని అడుగుతుంది? ఆకు నములుతూ తలొంచుకునేది. అలా తలొంచుకున్న రోజు రామలక్ష్మమ్మకు అన్నం హితవుగా ఉండేది.

1985 ఎండాకాలంలో ముసలామె పోయింది. కర్మ అయి చుట్టాలు వెళ్లిన పొద్దున, పిల్ల చేతిలోంచి మజ్జిగ గిన్నె జారింది.

"ఒసే మాలోలా, నీ చేతులు పడిపోను" అని రామలక్ష్మమ్మ ఖాళీ అరుగు వైపు తిరిగి అరిచింది.

తొమ్మిదేళ్ల పిల్ల ఏడవలేదు. నేల తుడుస్తూనే అడిగింది.

"అవ్వ సచ్చిపాయ గదమ్మా. ఇంగ ఎవుర్ని తిడతాండావ్?"

రామలక్ష్మమ్మ పిల్ల వైపు చెయ్యి చాపింది. బిడ్డను దగ్గరికి పిలుద్దామంటే, ఇన్నేళ్లలో ఒక్క ముద్దుపేరైనా పెట్టుకోలేదు.