ఒకే మార్కా సంచులు

లక్ష్మీనర్సయ్య పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మిర్యాలగూడ లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. పదమూడేళ్లకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఆఫీసులకూ మేనేజరయ్యాడు. కోమటి పిల్లవాడు కొట్టు పెట్టుకోక లారీల వెంట తిరగడమేమిటని చుట్టాలు ఆడిపోసుకున్నారు. భార్య కస్తూరి మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు.

హమాలీలకు చదువు రాదు. సంచి మీది మార్కా చూసి దించమని ఆయనే నేర్పాడు. ఆ పద్ధతితో ఒక్క బస్తా దారి తప్పలేదని ఆయన ధీమా.

కాలువకు నీళ్లు వదిలిన వారంలో పాలకీడు రైతు గౌరయ్య కోదాడ ఆఫీసు మెట్లెక్కాడు.

"మేనేజరు సాబ్, గీడ ఇత్తనాలు ఎక్కిస్తే మా ఊర్ల మిల్లు వడ్లు దించిన్రు."

"సంచుల మీద మార్కా ఏమున్నది?"

"పాత సంచులు. మిర్యాలగూడ మిల్లుల కొన్నయే."

లక్ష్మీనర్సయ్య లోడు పుస్తకం తీసి చూశాడు. మిల్లు వడ్లు కూడా అదే లారీలో, అదే మార్కా సంచుల్లో ఎక్కాయి. హమాలీలు పైనున్నవి దించేశారు. విత్తనాలు మిల్లుకు చేరితే ఉప్పుడు బియ్యం కోసం నానబెట్టి ఉడకేస్తారు. ఇక మొలకెత్తవు.

"మడి తయారున్నది. ఇప్పుడు నారు పోయకుంటే ఈ పంట ఖతమే," అన్నాడు గౌరయ్య.

మిల్లుకు ఫోను కలవలేదు. ఇద్దరూ మిర్యాలగూడకు ఖాళీ లారీ ఎక్కారు.

"కొంగు రంగు సూసి పెండ్లాం అనుకున్నట్టున్నది మీ యవ్వారం," అన్నాడు గౌరయ్య దారిలో.

మిల్లులో తొట్లు పొగలు కక్కుతున్నాయి. సంచులు విప్పే మైసమ్మ ఎదురొచ్చింది.

"పొద్దున కోదాడ నుంచి వచ్చిన బస్తాలు తొట్లె పోసినవా?" అడిగాడు లక్ష్మీనర్సయ్య.

"పోయలే సారూ. మూతి ఇప్పి గుప్పెడు తీస్తే వేపాకు వచ్చింది. ఇత్తులల్లనే గదా వేపాకు కలుపుతరు. వాటిని ఉడకేసి పాపం మూటగట్టుకోనా? ఆ మూలకు పెట్టించిన. మా సేటు తిట్టిండు. తిట్టనీ."

లక్ష్మీనర్సయ్య మూలనున్న బస్తా మీద కూలబడ్డాడు. గౌరయ్య మైసమ్మకు చేతులు జోడించాడు.

"సాలు తియ్యి, నాకెందుకు దండాలు," అంటూ ఆమె మళ్లీ పనిలో పడింది.

బస్తాలు లారీకెక్కాక డ్రైవరు ముందు కూర్చోమన్నాడు. మేనేజరు వినలేదు. వెనక ఆ బస్తాల మీదే గౌరయ్య పక్కన కూర్చున్నాడు. లారీ ఊరు దాటకముందే ఆయనకు కునుకు పట్టింది. పాలకీడులో గౌరయ్యే తట్టి లేపాడు.

"లే సారూ. ఇత్తులు నానెయ్యాలె."