మందు పట్టిన చెయ్యి

కేరళ తీరాన బేపూరులో ఉరు అనే పెద్ద చెక్క పడవలు చెక్కే బీరాన్‌కి, భార్య సుహరా పోయాక ఇంట్లో పలకరించే ప్రాణి చిలక జాతి కాకటీల్ పక్షి ఒక్కటే మిగిలింది. పిలవగానే వచ్చి భుజమెక్కేది. అలాంటిది ముక్కు చీదుతూ, ఈకలు ఉబ్బించుకుని పంజరంలో ఓ మూల నక్కేసరికి అతనికి గుక్కెడు చాయ్ కూడా దిగలేదు.

పక్కింటి కుంజిపాత్తు గోడ మీంచి తల పెట్టింది.

"బీరాన్ ఇక్కా, నా పంటి నొప్పికిచ్చిన బిళ్ళలు మిగిలాయి. నలిపి నీళ్ళలో కలిపెయ్యి. పిట్టకి కూడా డాక్టరా?"

"నీ పన్నంత లేదు దాని ఒళ్ళు! నువ్వూ నీ వైద్యమూ!" అంటూ పంజరానికి గుడ్డ కప్పి పశువుల ఆసుపత్రికి బస్సెక్కాడు.

డాక్టరమ్మ పక్షిని తూచి, ఆ బరువుకి తగ్గ చుక్కల మందు ఇచ్చింది.

"నీళ్ళలో కలపకు కాకా. జబ్బుపడ్డది ఎంత తాగుతుందో ఎవరు చూశారు? నోట్లోనే పొయ్యి. హుషారొచ్చిందని మధ్యలో మానకు."

చెప్పినట్టే గుడ్డలో చుట్టి, కొంచెం కొంచెంగా పోశాడు. అది గిలగిల్లాడేది. అయినా జబ్బు తగ్గలేదు. మళ్ళీ తీసుకెళ్ళాడు.

"మందు కాక ఇంకేం పెడుతున్నావు?"

"గింజలే. పాపం, నీరసపడిందని రోజూ సముద్రపు ఒడ్డుకెళ్ళి తెల్లటి నురుగు బిళ్ళ, అదే కటిల్ చేప ఎముక, ఏరుకొస్తున్నా. అదొక్కటే ఇష్టంగా గీకుతోంది."

"అదంతా సున్నమే కాకా! ఈ మందుని కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వదు. మందయ్యేదాకా తీసెయ్యి."

బీరాన్ ఇంటికొచ్చి బిళ్ళ తీసేశాడు. కొన్నాళ్ళకి పక్షి తేరుకుంది, తిండి మీద పడింది.

"ఈల కూడా వేస్తోంది, ఇంకెందుకా హింస?" అంది కుంజిపాత్తు. "నిన్ను చూస్తే పోలీసుని చూసిన దొంగలా పారిపోతోంది!"

నిజమే. అతని నీడ పడితే చాలు, వెనక ఊచలకి అతుక్కుపోయేది. మానేస్తే మళ్ళీ భుజమెక్కుతుందేమోనని మనసు పీకింది. అయినా మానలేదు. ఆ కళ్ళలోకి చూడకుండా, ఆఖరి చుక్కదాకా పోశాడు.

మందయిపోయిన మర్నాడు పంజరం తలుపు తెరిచి చెయ్యి చాపాడు. అది బుస్సుమని ముక్కు తెరిచింది.

చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు అలాగే వదిలేసి, తనంతట తానే వస్తే రానీ అని పక్షికి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక గింజలు కొరుకుతున్న చప్పుడు. అతను కదల్లేదు.