పటం వెనక పాత అధ్యక్షుడు

ఆ వీధిలో అందరూ అతన్ని పటాలాయన అంటారు. అద్దం కోసి, చెక్క చట్రం బిగించి పటాలు కట్టడమే అతని బతుకుతెరువు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆఫీసు గోడల మీద అధ్యక్షుడి బొమ్మ మారాల్సిందే. మొదటి ఆయన దిగిపోయినప్పుడు చేతినిండా పని దొరికి, ఇంకొకడు దిగితే ఇంటికి సున్నం వేయించుకోవచ్చని భార్యతో పరాచికాలాడాడు.

మూడో ఆయన కూడా దిగేసరికి ఆ నవ్వు ఆవిరైపోయింది. కుర్చీలో ఎవరుంటారో తెలియని దేశానికి అప్పు మీద సరుకు పంపే నాథుడు లేడు. బొమ్మ వెనక పెట్టే అట్టకు పొద్దునొక ధర, సాయంత్రమొక ధర. ఉపాయం భార్యే చెప్పింది.

"పాత బొమ్మ గట్టి కాగితమే కదండీ. తిరగేసి దాన్నే అట్టగా పెట్టెయ్యండి. వెనకేముందో ఎవడు చూడొచ్చాడు?"

నాలుగో ఆయన పటాలన్నీ అలాగే కట్టి ఇచ్చాడు. అవి గోడలెక్కాయో లేదో, పాత అధ్యక్షుడి బొమ్మ దాచినవాళ్లకు జైలేనని కొత్తాయన చాటించాడు. ఆ రోజు నుంచి పటాలాయనకు ముద్ద దిగలేదు. గుమ్మంలో బూట్ల చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి లేచి నిలబడేవాడు.

చివరికి ఇన్‌స్పెక్టరే వచ్చాడు, పగిలిన పటం చంకలో పెట్టుకుని. అద్దం మార్చమన్నాడు. రేపిస్తానంటే ఒప్పుకోలేదు. స్టేషన్ గోడ ఖాళీగా ఉంటే తన ఉద్యోగం ఊడుతుందని స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అద్దం మార్చాలంటే వెనక విప్పక తప్పదు. పటాలాయన ఒక్కో మేకే పీకుతుంటే భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అట్ట జారి బల్ల మీద వెల్లకిలా పడింది. పాత అధ్యక్షుడు మీసం కింద నవ్వుతూ ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ లేచి, వీధిలోకి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఉండనియ్," అన్నాడు గొంతు తగ్గించి. "మళ్లీ ఆయనే వస్తే తిప్పుకుంటాం."

అతను వెళ్లాక, గండం గడిచిందని భార్య ఏడుస్తూ నవ్వింది. పటాలాయన మాత్రం నవ్వలేదు. పోలీసుకే రేపటి మీద నమ్మకం లేదంటే ఇంక మనకేం మిగులుతుందన్నాడు. తెల్లారగానే ఉన్న డబ్బంతా ఊడ్చుకుని బియ్యం కొనడానికి పరిగెత్తాడు.

కొట్టు ముందు అప్పటికే వరుస ఉంది. అతనికి ముందు, మామూలు చొక్కా వేసుకుని, రెండు ఖాళీ సంచులతో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే ఊరుకున్నారు. లోపలి నుంచి కొట్టువాడు, ఇవాళ్టికి బియ్యం అయిపోయాయని చెప్పి షట్టరు దించేశాడు.