మంచి కణాలు ఏమైనయ్?

తేనెటీగలు పట్టు పగుళ్లకు పూసే బంకను స్పిరిట్‌లో నానబెట్టిన సీసా మూత తీస్తే గుగ్గిలం వాసన గుప్పుమంటుంది. ఈ ఉదయం ఆ వాసనతోపాటు కమల మేడం కోపం గుర్తొచ్చి, నాకూ కోపం వచ్చింది.

మేడం మహబూబాబాద్ దగ్గరి తండాలో పుట్టి, హైదరాబాద్‌లో నా పరిశోధనకు గైడ్ అయ్యారు. కోపం ముదిరితే తండా భాషలోకి దిగేవారు. జనగామ పిల్లనైన నాకు ఆ తిట్లు అర్థం కాకపోవడం నా అదృష్టం. భూపాలపల్లి అడవుల నుంచి తెప్పించిన బంకలోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద, పక్క పళ్లెంలోని రోగం లేని మంచి కణాల మీద వేశాను. క్యాన్సర్ కణాలన్నీ చచ్చాయి. ఎగురుకుంటూ వెళ్లి చెప్పాను.

"మంచి కణాలు ఏమైనయ్?" అన్నారు మేడం, తలెత్తకుండానే.

"అవి సుత పోయినయ్ మేడం."

"మరి గంత సంబురమేంది? యాసిడ్ పోసినా చస్తయ్ గద!"

ఆ రోజు ఆమె మీద మండిపోయాను. తర్వాత మంచి కణాలను కాపాడటమే నా పని అయింది. ఆ పదార్థం నీళ్లలో సరిగా కరగదు, ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. దాని అణువులో ఒక కొస తీసి మరొకటి అతికించడం, మళ్లీ రెండు రకాల కణాల మీదా వేసి చూడటం. ముందు మంచి కణాల పళ్లెమే చూడాలన్నది మేడం పెట్టిన నియమం. ఏళ్ల తరబడి అతికించగా ఒక్క రూపం మాత్రం మంచి కణాలను చాలావరకు వదిలిపెట్టింది. అదీ పళ్లెంలోనే.

ఆ సంగతి పట్టుకుని ఒక పత్రికాయన "తేనెబంకతో క్యాన్సర్ ఖతం" అని అచ్చేశాడు. మేడం ఫోన్ చేసి కడిగేశారు, సవరణ వేయమన్నారు. వేయలేదు. కొన్నాళ్లకు బచ్చన్నపేట నుంచి రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకామె, ఆమె భర్త వచ్చారు. అతని చేతిలో డబ్బా నిండా బంక.

"పేపర్ల చూసినం మేడం. రోజూ గిదే తింటాంది. దవాఖాన సూదులు బంద్ చేసినం," అన్నాడు.

"ఎవలు చెప్పిండ్రయ్యా బంద్ చెయ్యమని?"

మేడం అక్కడికక్కడే మమ్మల్నందరినీ తన కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరారు. దారి పొడవునా అతన్ని తిడుతూనే ఉన్నారు. వెనక నా పక్కన కూర్చున్న ఆ అక్క నెమ్మదిగా అంది.

"ఆయిన్ని ఏమనకుండ్రి అమ్మా. నేనే వద్దన్న. సూది ఏస్తే నోరంత పుండ్లు, బుక్క మింగుడు పడది. బువ్వ తినకపోతే ఎట్ల బతుకుడు?"

మేడం తిట్టడం ఆపేశారు. ఆసుపత్రి ముందు కారు ఆపి నా వైపు తిరిగారు. "సూది ఆమె నోట్ల మంచి కణాలను సుత చంపింది. మంచి కణాలంటే ఏందో సమజైందా?" అన్నారు.

డాక్టర్లు కీమో సూదులు మళ్లీ మొదలుపెట్టారు కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ అక్క బతకలేదు.

ఇప్పుడు మేడం కూడా లేరు. ల్యాబ్ నా చేతుల్లో ఉంది. నిన్న మరో పత్రిక నుంచి ఒకతను ఫోన్ చేశాడు. మందు ఎప్పుడొస్తుందో హెడ్డింగుకు ఒక్క మాట చెబితే చాలన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకు ఒళ్లు మండింది.

"మనుషుల మీద ఇంక పరీక్షే చెయ్యలేదు, దవాఖాన మానకుండ్రి. గిదే హెడ్డింగు. ఏస్తవా?" అన్నాను.

"అది ఎవరు చదువుతారు మేడం?"

"బచ్చన్నపేటల చదువుతరు!" అని అరిచి ఫోన్ పెట్టేశాను. ఈ కోపం తగ్గాలని నేను కోరుకోవడం లేదు.