బోరీబందర్‌లో తువ్వాల వెంట

మా ఆయన ముఖం నాకు తెలియదన్న సంగతి బొంబాయిలో రైలు దిగేదాకా నాకే తెలియదు. అప్పటికి పెళ్లయి ఏడాది దాటింది. నవ్వేవాళ్లు నవ్వండి గానీ, ముందు మా ఇల్లు ఎట్లా ఉండేదో వినండి.

కేతేపల్లి దగ్గర ఒక పల్లె మా అత్తగారిది. నేత పని ఇల్లు. ముందరింట్లో గుంట మగ్గం. మా ఆయన గుంటలో కాళ్లు దించి, వీధి వైపు తిరిగి కూర్చుని నేసేవాడు. నేను వెనక గోడ దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు అయిపోతే ఆయన చెయ్యి వెనక్కి చాపేవాడు. నేను ఇంకో కండె ఆ చేతిలో పెట్టేదాన్ని. ఆయన తిరిగి చూసేవాడు కాదు. అత్తమామలు ఇంట్లో ఉండగా మొగుడి ముఖంలోకి చూసే కోడలిని ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. పెళ్లి పీటల మీద కాస్త తల ఎత్తబోతేనే మా అమ్మ వెనకనుంచి గిల్లింది. ఇక రాత్రుళ్లు అంటారా, కిరసనాయిలు దండగని మా అత్త దీపం ఆర్పేసిన తర్వాతే నేను అర్రలోకి పోయేది. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చాలి. ఎప్పుడు చూడమంటారు?

ఆయన వీపు మాత్రం నాకు బాగా తెలుసు. నాడెను విసిరే తాడు గుంజి గుంజి కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం పైకి లేచి ఉండేది. భుజం మీద ఎప్పుడూ మా ఇంట్లో నేసిన తువ్వాల. తెల్లది, ఎర్ర అంచు, అంచు పక్కన సన్నటి నల్ల చార. ఆ చార మా మామ చేతి గుర్తు. చుట్టుపక్కల ఇంకెవరూ వేసేవాళ్లు కాదు.

పెళ్లయిన మూడు నెలలకు నూలు దొరకడం కష్టమై ఆయన బొంబాయి మిల్లుకు పోయాడు. మరుసటి ఎండాకాలం ఊరికి వచ్చిన ఒక మిల్లు మనిషి ఆయన కబురు తెచ్చాడు.

"కిరాయికి జాగా దొరికిందట. రెండు నెలలకు ఆమెను పంపుమన్నడు. మనసున పడితే ఉంటది, లేకుంటే తనే తోలుకొచ్చి దిగబెడతడట. టేషన్ల మన తువ్వాల భుజాన ఏసుకొని నిలబడతడట, గుర్తుపట్టుమన్నడు."

మా అత్త చాట పక్కన పెట్టి నాతో చెప్పింది. "చూడు పిల్లా, గాడ కుదిరిందా సరే. కుదరలేదంటే ఇగ వాడు గాడ, నువ్వు గీడ. గంతే."

అంటే ఖాళీ మగ్గం వెనకాల కూర్చుని ముసలిదాన్ని కావడమే. ఆ మాట హైదరాబాదు దాకా బస్సులో, అక్కడినుంచి రైలులో నా వెంటే వచ్చింది.

తోడుగా మా అమ్మ తల్లి, అవ్వ వచ్చింది. అవ్వకు నోరు పెద్దది, కండ్లకు పొరలు. మనిషి ఎదురుగా నిలబడితే ఆకారం కనబడేది తప్ప ముఖం ఆనేది కాదు. షోలాపూర్ దాటిన తర్వాత ఎవరో చోటు ఇచ్చారు, కూర్చున్నాం. కొండల్లో రైలు గుహల్లోకి దూరినప్పుడల్లా అవ్వ, "మల్ల రాత్రయిందా?" అని అడిగింది. బొంబాయి స్టేషను, బోరీబందర్ వచ్చిందని అందరూ లేస్తుంటే మేమూ లేచాం.

దిగగానే నేల కనబడలేదు, అంతా కాళ్లే. మా ఊరి సంతనూ జాతరనూ కలిపి తెచ్చి పోసినా ఆ ప్లాట్‌ఫారంలో ఒక మూలకు సరిపోదు. ఎర్ర అంగీల కూలీలు నా నెత్తిమీది మూటను గుంజుకోబోయారు. ఒకడి చేతిమీద కొట్టాను కూడా. జాతరలో తప్పిపోకుండా వేసుకున్నట్టు, అవ్వ నా కొంగు తన కొంగుకు ముడేసింది.

"నా కండ్ల మీద ఆశ పెట్టుకోకు," అంది. "నీ మొగని నువ్వే ఎతుకు."

అప్పుడు తట్టింది నాకు. ఏ ముఖాన్ని వెతకాలి? కండ్లు మూసుకుని చూశాను. వీపు వచ్చింది, భుజం వచ్చింది, వెనక్కి చాపిన చెయ్యి వచ్చింది. ముఖం రాలేదు. అవ్వతో చెబుదామంటే సిగ్గు. సరే, తువ్వాల ఉంది కదా అని ధైర్యం చెప్పుకుని, ముఖాలు వదిలేసి భుజాలు చూసుకుంటూ నడిచాను.

ఒక ఇనుప స్తంభం దగ్గర ప్యాంటు వేసుకున్న సన్నటి మనిషి నన్నే చూస్తున్నాడు. మీసం లేదు, భుజం మీద ఏమీ లేదు. "ఇగో," అన్నాడు. పరాయి ఊళ్లో పరాయి మగవాడు ఇగో అంటే ఏ ఆడది ఆగుతుంది? కొంగు ముఖం మీదికి లాక్కుని అవ్వను గుంజుకుపోయాను.

"ఎవలే?" అంది అవ్వ.

"ఎవడో. ఎగాదిగ చూస్తున్నడు."

"పాడుగాను. జల్ది నడువు."

కొంత దూరం పోయాక కనబడింది తువ్వాల. ఎర్ర అంచు, పక్కన నల్ల చార. దాని కింద కుడి భుజం ఎత్తుగా ఉన్న వీపు. ప్రాణం లేచి వచ్చింది నాకు. ఆ మనిషి రైలు కిటికీల్లోకి తొంగిచూస్తూ ఇంజను వైపు పోతున్నాడు. మొగుణ్ని పేరు పెట్టి పిలవకూడదు కదా, అందుకని మూట పట్టుకుని వెనకాలే ఉరికాను. కొంగు ముడి మూలాన అవ్వ కూడా ఉరికింది. అందుకోగానే అవ్వే తువ్వాల కొస పట్టి గుంజింది.

"ఏం పిల్లగా, పెండ్లాం ఎన్కనే వస్తుంటే ఎనక్కి చూడకుండ గట్ల పోతవేంది?"

ఆ మనిషి తిరిగాడు. బొద్దు మీసాలు, గుండ్రటి ముఖం. నావైపు చూశాడు, అవ్వవైపు చూశాడు.

"గీయినేనా?" అని అవ్వ నన్ను అడిగింది.

అవునేమో, కాదేమో. ఏడాది మొగుడు ఎదురుగా నిలబడితే ఔననడానికీ కాదనడానికీ నోరు రాని ఆడదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అవ్వా, నేను గీడున్న," అని వెనకనుంచి వినబడింది. స్తంభం దగ్గరి మనిషి. మా వెనకాలే వచ్చినట్టున్నాడు.

మీసాల మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. జడ్చర్ల దిక్కు నేత మనిషి ఆయన, మిల్లులో మా ఆయన పక్కనే పని. ఊళ్లో తాడు గుంజినవాడే కాబట్టి భుజం అట్లా ఉంది. తువ్వాల తీసి మా ఆయనకిచ్చి, అవ్వకు దండం పెట్టి వెళ్లిపోయాడు. మా ఆయన నవ్వలేదు. మూట అందుకుని, తువ్వాల భుజాన వేసుకుని ముందు నడిచాడు. వెనకనుంచి చూస్తే అచ్చం ఆయనే. నాకు ఏడుపొచ్చింది.

బయట కొండంత కట్టడం, దాని ముందు గంట కొట్టుకుంటూ ట్రాము. ఎక్కి కూర్చున్నాక అవ్వ అలసిపోయి కిటికీకి ఆనుకుని కండ్లు మూసింది. ఆయన నా పక్కన కూర్చున్నాడు, కానీ రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు.

"బండి పొడుగు, పోయే దార్లు రెండు. అందుకే తువ్వాల వానికిచ్చి గా దిక్కు పంపిన. నన్ను చూస్తే నన్ను గుర్తుపడతది, లేకుంటే తువ్వాలను గుర్తుపడతది అనుకున్న." తువ్వాల కొస వేలికి చుట్టుకున్నాడు. "నీ ముంగట్నే నిలబడ్డ. ఇగో అంటి. కొంగు కప్పుకొని పోతివి. నన్ను చూసి మొఖం తిప్పుకున్నవనుకున్న. ఇష్టం లేకుంటే చెప్పు, రేపటి బండికే మిమ్మల్ని ఎక్కిస్త."

నాకు కోపం ఆగలేదు. ఆయనతో పగటి వెలుతురులో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఎట్ల గుర్తుపట్టాలె? నీ ఈపు తప్ప నాకేం ఎరుక? ఒక్కనాడన్న నా దిక్కు తిరిగినవా నువ్వు?"

ట్రాము ఒక మలుపు తిరిగింది. ఆయన లేచి, పై కడ్డీ పట్టుకుని, ఎదురు బల్ల మీద నాకు సూటిగా కూర్చున్నాడు. తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చూడు," అన్నాడు.

చూశాను. కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు. ఒక చెవి కాస్త ముందుకు. కండ్లు నేననుకున్నంత కోపంవి కావు, భయపడుతున్న కండ్లు. చుట్టూ జనం, పక్కన అవ్వ, అయినా నేను తల దించలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కానీ కదలకుండా కూర్చున్నాడు.

మేం దిగాల్సిన లాల్‌బాగ్ దగ్గరికి వచ్చింది. జనం దిగడానికి లేస్తున్నారు.

"అయిందా?" అన్నాడు.

"ఇంక కాలె," అన్నాను.