గాజు అవతలి చెయ్యి

పెద్దనాయన పోయిన సంగతి చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "నీకెవరు చెప్పినారు?" అని అడిగాను ముందు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన మా నాన్నకు అన్న. గల్ఫ్‌లో, అల్ రాయ్ అనే చోట, ఓడల్లో ఆపదకని ఉంచే గాలి తెప్పలు, రాఫ్టులు, బాగుచేసే వర్క్‌షాపులో మేస్త్రీ. మా ఇద్దరికీ అక్కడ పని ఇప్పించింది ఆయనే. డిగ్రీ చదివానని నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి సర్టిఫికెట్లు టైపు చేయించారు. పదో తరగతితో ఆపేసిన చెల్లెలికి బ్రష్షు ఇచ్చారు. గాలి నింపిన రాఫ్టు అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి, ఎక్కడ బుడగ లేస్తుందో చూడడం దాని పని.

చెప్పులు విడవకుండా ఆయన రాఫ్టులోకి ఎక్కేవారు కాదు. "ఓడ మునిగినోనికి ఇదే ఇల్లు" అనేవారు. "చంద్రుని కాడికి పోయొచ్చినోళ్ళను గూడా ఆఖరికి తేలగట్టింది రబ్బరు ట్యూబే" అని దాన్ని తట్టేవారు.

ఆ కథలన్నీ చెల్లెలికే. తొలిరోజుల్లో అంతరిక్షం నుంచి వచ్చి సముద్రంలో పడిన క్యాప్సూళ్ళు, వాటిని పైకి తీసినవాళ్ళు. గాజు ఇవతల నాకు ఆయన చేతులే కనిపించేవి. ఒక చెయ్యి పారాచూట్‌తో దిగేది, రెండోది హెలికాప్టరై దాని మీద తిరిగేది. చెల్లెలు నవ్వేది. నేను తలుపు తీస్తే కథ ఆగేది.

"నాకూ చెప్పొచ్చు గదా పెద్దనాయనా."

"సదువుకున్నదానివి, నీకు తెలీందేముంది మే. యల్లా, తొందరగా ఆ కాగితాలు తే."

అది గౌరవమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మొహాన తలుపు వేసినట్టుండేది.

ఆఖరి రోజు చెల్లెలు జ్వరంతో రాలేదు. సాయంత్రం ఆయన ఒక్కరే రాఫ్టులో మోకాళ్ళ మీద ఉన్నారు. గాజు వైపు తిరిగి చెయ్యి ఎత్తారు. కాసేపాగి మళ్ళీ ఎత్తారు. ఏనాడూ నాకు చెయ్యి ఊపని మనిషి. చెల్లెలు లేదు కాబట్టి నేను గుర్తొచ్చానని సంతోషపడి నేనూ ఊపాను. ఆయన కొంచెంసేపు కూర్చుని మళ్ళీ బ్రష్షు పట్టుకున్నారు. మర్నాడు తన గదిలో నిద్ర లేవలేదు. గుండె అన్నారు డాక్టరు.

మూడో రోజు చెల్లెల్ని ఒక్క కథ చెప్పమన్నాను.

"ఒగాయన దిగొచ్చిన డబ్బా తలుపు దానంతటదే ఊడిపోయిందంట అక్కా. నీళ్ళల్లో పడి, మునిగిపోతా చెయ్యి ఊపితే, పైన హెలికాప్టర్లో వాళ్ళు బాగుండాడులే అనుకున్నారంట. వాళ్ళ కండ్లు డబ్బా మిందనే. ఆఖర్లో లాగినారులే, బతికినాడు. ఎన్ని మాట్లు చెప్పినాడో పెద్దనాయన ఇది. చెయ్యి ఊపితే దగ్గరికి పొయ్యి సూడాల మే, అనేటోడు."

నాకు చెప్పి ఉంటే లేచి వెళ్ళేదాన్ని. ఏమైనా మారేదో లేదో తెలియదు, వెళ్ళేదాన్ని మాత్రం.

ఆ సాయంత్రం గురించి చెల్లెలికి చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది. కథలన్నీ దానివి. నాకు దక్కింది ఇదొక్కటే: గాజు అవతల, మోచేతి దాకా సబ్బు నురగతో, రెండుసార్లు లేచిన చెయ్యి.